వెళ్ళొచ్చే పడవ

బొండుమల్లెలంక జనం సర్కారును అడిగింది పాయ దాటడానికి ఒక నావ. వాళ్ళు అడగని శాఖ ఒకటి ఆ మాట విని, వాళ్ళు అడగని పడవ ఒకటి ఇచ్చింది. ఇవ్వడంలో ఎక్కడా చిన్న లోపం కూడా జరగలేదు. కాబట్టి తరవాత జరిగినదానికి ఎవరినీ తప్పు పట్టడానికి వీల్లేదు.

చుట్టూ గోదావరి, మధ్యలో ఊరు. పూలతోటలు, కొబ్బరిచెట్లు, నాలుగు వీధులు, అయిదో తరగతి దాకా బడి. ఆ పై చదువు కావాలంటే పాయ దాటి పెదరేవు హైస్కూలుకి వెళ్ళాలి. కిందటి వరదలో ఊరి నావ కొట్టుకుపోయింది. జాలర్ల చిన్న దోనెలు ఉన్నాయి గాని, వాటిలో మూడో మనిషి కాలు పెడితే ముందెక్కిన ఇద్దరూ దేవుణ్ణి తలుచుకుంటారు. పిల్లల్ని వాటిలో ఎక్కించడానికి ఏ తల్లికీ మనసొప్పలేదు.

సర్పంచి మంగతాయారు కూతురు హైమ ఆ ఏడే పదో తరగతిలోకి వచ్చింది. కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ, "అమ్మా, బడి తెరిచేసరికి నావ రాకపోతే ఈ అట్టలెందుకు?" అని అడిగింది. మంగతాయారు చిన్నప్పుడు నావ ఉంది, ఇంట్లో పంపేవాళ్ళు లేరు. అయిదుతోనే ఆగిపోయింది. ఇప్పుడు పంపడానికి తానుంది, నావ లేదు. ఎలాగైనా హైమ చదువు ఆగకూడదని ఆ పూటే గట్టిగా అనుకుని, మర్నాడు దోనె అంచు రెండు చేతులా పట్టుకుని పాయ దాటి, జిల్లా ఆఫీసుల మీద పడింది.

రవాణా శాఖవాళ్ళు పటం చూసి, మీ ఊరు రోడ్డు మీద లేదమ్మా అన్నారు. నీటిపారుదల వాళ్ళు, మేం పారించేది నీళ్ళనేగాని మనుషుల్ని కాదన్నారు. మత్స్యశాఖలో ఒకాయన ఎంతో సానుభూతిగా, "మీరు చేపలైతే తప్పకుండా చూసేవాళ్ళం" అన్నాడు. వరండా చివర కొత్తగా రంగులు వేసిన గది ఒకటుంది. గుమ్మం మీద 'ఆనంద వారాంత విహార శాఖ' అని రాసి ఉంది. శని, ఆదివారాల్లో జనం కుటుంబాలతో కలిసి తగినంతగా నవ్వడం లేదని పైవాళ్ళకెవరికో తోచి, దాన్ని ఆ మధ్యే పెట్టారు. దానికి సంయుక్త సంచాలకులు విశ్వంభరరావుగారు.

పడవ అన్న మాట వినగానే ఆయన కుర్చీలోంచి లేచారు.

"అమ్మా, మీరు సరైన చోటికే వచ్చారు! కుటుంబ సమేతంగా వారాంతములందు జలవిహారం చేయు నిమిత్తం, వేగవంతమూ సౌకర్యవంతమూ అయిన నౌకను ఎంపిక చేసే ప్రక్రియలోనే ఉన్నాం. లబ్ధిదారులే దొరకలేదు."

"వారాంతం అంటే ఏంటండి?"

"శనివారం, ఆదివారం."

"ఆ రెండ్రోజులూ మాకు పూలకోత మరీ ఎక్కువండి."

"చూశారా, ఎంత వెనకబడి ఉన్నారో! మీకే ఇవ్వాలి."

నావ కోసం వచ్చినావిడ నౌక ఎందుకు కాదంటుంది? మంగతాయారు సరేనంది. ఆమెను లబ్ధిదారుల ప్రతినిధిగా ఎంపిక సంఘంలో వేసుకున్నారు.

సంఘం చల్లటి హాల్లో కూర్చుంది. గోడ మీద తెల్లటి పడవల బొమ్మలు ఒకదాని తరవాత ఒకటి వెలిగాయి. ముందు వేగం గురించి చర్చించారు.

"మా పాయ ఎంతుంటదండి," అంది మంగతాయారు. "ఇంత జోరు బండి ఎక్కితే, కుచ్చిళ్ళు సర్దుకునేలోగా అవతల తేల్తాం."

"వేగమనునది చేరుటకు కాదమ్మా, అనుభూతి చెందుటకు," అని విశ్వంభరరావుగారు సరిదిద్దారు. సంఘం బల్లలు చరిచింది.

"సైకిళ్ళు పడతాయాండి ఇందులో?"

"సైకిళ్ళా! ఇందులో పడకగది ఉంది."

"పాయ మధ్యలో పడుకోడం ఎందుకండి?"

"ఎండ కాగడానికి పైన వేదిక కూడా ఉంది. చక్కగా చాప వేసుకుని..."

"మా లంకలో ఎండబెట్టేది వడియాలండి. మనుషుల్ని పెట్టం."

లబ్ధిదారులకు అవగాహన పెంచవలసి ఉన్నదని సంఘం అభిప్రాయపడింది. ఇక సౌకర్యం. ఒక్కో పడవలో వేసే సోఫాను హాల్లోకి తెప్పించి, సభ్యులు స్వయంగా కూర్చుని పరీక్షించారు. మూడోదాని మీద కూర్చున్న సభ్యుడు భోజనాల వేళకి కూడా లేవలేదు. గురక వినిపించింది. ఆ సోఫా ఉన్న పడవే ఖాయమైంది. అది నీటి మీద ఎలా నడుస్తుందని ఎవరూ అడగలేదు. మంగతాయారు మాత్రం అడగబోయింది గాని, సభ్యుడు లేస్తాడని నోరు నొక్కారు.

బడి తెరిచే రోజుకి ముందే పడవ వచ్చేసింది. పాలనురుగు లాంటి తెలుపు, నీలం గీతలు, పేరు 'విహారిణి'. దాంతోపాటు తెల్లబట్టలూ మెడలో ఈలా వేసుకుని ప్రభుదాసు అనే పర్యవేక్షకుడు దిగాడు. పడవ నడిపేదీ అతనే, నియమాలు నడిపేదీ అతనే. శని, ఆదివారాలే కదా అని ఊళ్ళోవాళ్ళు గునిశారు. ఏ రోజుకారోజు వెనక్కి లెక్కేసుకుంటే ఒక వారం అంతమవుతూనే ఉంటుంది గనుక అన్ని రోజులూ వారాంతాలేనని శాఖ ముందే తేల్చేసిందట. కుటుంబాలే ఎక్కాలన్న నియమానికి అసలు చిక్కే రాలేదు. లంకలో అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు.

"మంచోళ్ళేనే పాపం," అంది మంగతాయారు కూతురితో. "ఎండ కాగమంటే కాగుదాం. బడికెళ్ళడం ముఖ్యం."

బడి తెరిచిన రోజు హైమా, మిగతా పిల్లలూ సంచులు ఒళ్ళో పెట్టుకుని సోఫాల్లో మునిగిపోయారు. పడవ బుర్రుమంది. జడలు గాల్లోకి లేచి మళ్ళీ భుజాల మీద పడేలోగా పెదరేవు ఒడ్డు ఆనింది. పిల్లలు లేచారు. ప్రభుదాసు ఈల వేశాడు.

"కూర్చోండి. విహారంలో దిగడం ఉండదు."

"బడండీ, అదిగో!" అంది హైమ.

"కనపడుతోంది కదా. విహారమంటే చూడ్డమేనమ్మా."

పడవ గిర్రున తిరిగి లంకకొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. టిక్కెట్టుకు ఇంతసేపు ఆనందం ఇచ్చితీరాలని నియమం ఉండటంతో అలా తిరుగుతూనే ఉంది. పెదరేవు లెక్కల మాస్టారు జాలిగుండె మనిషి. రేవులోకే హాజరుపట్టీ తెచ్చుకుని పేర్లు పిలిచారు. ముందు పేర్లవాళ్ళు ఒడ్డు పక్కనుంచి "ప్రజెంట్ సార్" అన్నారు. వెనక పేర్లవాళ్ళు పాయ మధ్యనుంచి కేక పెట్టారు. పాఠం కూడా ఆయన అక్కడే మొదలుపెట్టారు. ఒక చుట్టులో ప్రశ్న వినపడింది, మరో చుట్టులో జవాబు వినపడింది. ఏ జవాబు ఏ ప్రశ్నదో తెలియక హైమ సాయంత్రం ఏడుపుమొహంతో ఇంటికొచ్చింది.

"అమ్మా, సోఫా మెత్తగా ఉంది. చదువే గట్టిగా ఉంది."

మంగతాయారు మళ్ళీ దోనె ఎక్కింది.

విశ్వంభరరావుగారు ఓపికగా విన్నారు. "అమ్మా, మార్గదర్శకాల మేరకు బయలుదేరిన ఒడ్డుకే తిరిగివచ్చునది విహారం. వేరొక ఒడ్డున దింపునది రవాణా. రవాణా మా పరిధిలోకి రాదు. అయినా మాది మొండి శాఖ కాదు. ఒక మాట అడుగుతాను. మీ అమ్మాయి పొద్దున గుమ్మం దిగేటప్పుడు ఏమంటుంది?"

"వెళ్ళొస్తానమ్మా, అంటదండి."

ఆయన మొహం వెలిగిపోయింది. "విన్నారా! వెళ్ళి, వస్తానంటోంది. దిగుతానని ఎక్కడైనా అందా? ఇది విహారమని మీ అమ్మాయే ఒప్పుకుంటోంది."

"అయ్యో, అది అనే మాటండి! ఎవరైనా అంతే అంటారు. వెళ్తానని ఎవరంటారండి, శుభమా అని బయల్దేరుతూ?"

"శాఖ మాటను బట్టి పోతుంది. ప్రయాణికుడు 'వెళ్తాను' అని స్వయంగా, స్పష్టంగా, నోటితో చెబితే దింపుటకు అభ్యంతరం లేదు. బహిరంగ విచారణ పెడతాను."

చెప్పినట్టే రేవులో షామియానా వేశారు. విశ్వంభరరావుగారు కుర్చీలో కూర్చున్నారు. ప్రభుదాసు పడవ ఎక్కే బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు.

"వెళ్తారా, వెళ్ళొస్తారా?"

"వెళ్ళొస్తాం బాబూ."

"వెళ్ళొస్తానండి."

"మా అత్తారింటికి వెళ్ళొచ్చేస్తానండి, ఎంతలోకి!"

మంగతాయారు వెనకనుంచి జాకెట్లు పట్టి లాగుతోంది. "పిన్నీ, వెళ్తానను! ఒక్కసారి అంటే సచ్చిపోతావా?"

"అదేగదే నా భయం," అంది ఆ పిన్ని.

అప్పుడు గనిరాజు తలగుడ్డ బిగించి ముందుకొచ్చాడు. ఏ పట్టింపులూ లేని మనిషని ఊళ్ళో అతనికి పేరు. ఆ పేరు పెట్టింది కూడా అతనే. "తప్పుకోండెహె! గ్రహణం పూట గారెలు తిన్నోణ్ణి నేను. మాటకి బయపడతానా? రాసుకోండి బాబుగారూ. నేను వెళ్..."

అంటూ ఎందుకో వెనక్కి చూశాడు. భార్య బుల్లెమ్మ అతన్నే చూస్తోంది.

"సెప్పు మావా," అంది ఆమె నెమ్మదిగా.

"నేను వెళ్తా..."

"ఓరి నాయనో!" బుల్లెమ్మ కేకకి కొబ్బరిచెట్ల మీది కాకులు లేచాయి. "నన్నిలా వదిలేసి వెళ్తానంటన్నాడే! నేనేం పాపం సేశాను మావా!"

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకామె మంచినీళ్ళు తెచ్చింది. మరొకామె గనిరాజు చెల్లెలికి కబురు చేశారా అని అడిగింది. తన గురించి కబురు వెళ్తుంటే గనిరాజుకి చెమటలు పట్టాయి.

"వస్తా! వస్తానే బాబూ! వెళ్తా, వస్తా! మాట పూర్తి సెయ్యనియ్యరేటి!"

"రెండూ కలిపితే విహారమే," అన్నాడు ప్రభుదాసు.

చివరికి హైమ బల్ల మీదికొచ్చింది. సంచి భుజాన ఉంది. కళ్ళు మాత్రం అమ్మ మీద ఉన్నాయి. రాత్రంతా అదే మాట అనడం నేర్పింది మంగతాయారు. ఒక్క మాట, అంతే, దాంతో బడి.

"చెప్పమ్మా," అన్నారు విశ్వంభరరావుగారు.

హైమ గొంతు సవరించుకుంది. "అమ్మా, నేను వె..."

మంగతాయారు ఒక్క ఉరుకులో వెళ్ళి కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. హైమ ఆ అరచేతి వెనకనుంచే ఏడ్చింది.

గ్రామ ప్రజలు ఏకగ్రీవంగా విహారమునే కోరుకొనుచున్నారని విశ్వంభరరావుగారు ప్రకటించి, కొబ్బరిబొండం తాగారు. అది చూసి మంగతాయారుకి ఒళ్ళు మండింది.

"మా నోటికి ఆ మాట రాదండి, ఏం చేస్తాం! మీ నోటికైతే ఏదైనా వస్తది కదా. అవతలి ఒడ్డు కూడా ఇవతలి ఒడ్డేనని మీరే అనేయండి, పీడా పోద్ది!"

ఆమె ఎకసెక్కంగా అంది. ఆయన బొండం కింద పెట్టి ఆలోచనలో పడ్డారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "సదరు పాయకు అవతలనున్న ఒడ్డు ఇకమీదట అన్ని ప్రయోజనముల నిమిత్తం ఇవతలి ఒడ్డుగానే పరిగణించబడును."

ఇక చిక్కేముంది? పడవ ఏ ఒడ్డున ఆగినా బయలుదేరిన ఒడ్డునే ఆగినట్టు. పిల్లలు పెదరేవులో దిగి బడికి పరిగెత్తారు. సాయంత్రం ఇవతలి ఒడ్డునుంచి ఇవతలి ఒడ్డుకి తిరిగొచ్చారు. కొన్నాళ్ళు లంకలో అదే సరదా. "ఎక్కణ్ణుంచి రాక మావా?" "ఇవతల్నుంచేరా." "ఎక్కడికి?" "ఇవతలికే." లెక్కల మాస్టారు చెప్పే ప్రశ్నా జవాబూ ఒకేచోట వినపడటంతో హైమ మొహం విచ్చుకుంది. మంగతాయారు ఉత్తర్వుకి పటం కట్టించి పంచాయతీ గోడకి తగిలించి, దండ కూడా వేసింది.

ఆ ఉత్తర్వు నకలు పై ఆఫీసుకి వెళ్ళింది. అక్కడివాళ్ళు దాన్ని చదవడమే కొంప ముంచింది. రెండు ఒడ్లూ ఒకటే అయినప్పుడు నడుమ నది ఉండటానికి వీల్లేదు. నది లేనిచోట లంక ఉండదు. మామూలు నేల మీద ఉన్న ఊరికి అంత మెత్తటి సోఫాల పడవ ఇచ్చినవాళ్ళెవరని వాళ్ళు అడిగారు. విహారిణికి వెంటనే సీలు వేసి, నది ఉన్న జిల్లాకి తరలించమన్నారు.

ఆ పని మీద విశ్వంభరరావుగారే వచ్చారు. విహారిణిలోనే వచ్చారు, సోఫాలోనే కూర్చుని వచ్చారు. పొద్దున్నే పిల్లలు సంచులతో రేవులో నిలబడి ఉన్నారు. ఆయన కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, ఇంజను గది తలుపుకి ఎంతో శ్రద్ధగా సీలు వేశారు. తరవాత జనం వైపు తిరిగారు.

"మీరు దిగులు పడవలసిన అవసరం లేదు. పాఠశాల మీ ఒడ్డునే ఉన్నది. విద్యార్థులు హాయిగా నడిచి వెళ్ళవచ్చును. నడక ఆరోగ్యకరం. ఇక సెలవు."

చేతులు దులుపుకుని, తోవ కోసం చూశారు. ఎదురుగా గోదావరి నిండుగా పారుతోంది.

ఆయన కాసేపు నీళ్ళ వంక చూశారు. నీళ్ళు ఉత్తర్వు చదివినట్టు లేవు.

"ప్రభుదాసూ, పడవ తియ్యి."

"సీలేశారు కదండీ."

"మరి నేనెలా?"

"నడవండి బాబుగారూ," అంది మంగతాయారు. "ఒకే ఒడ్డు కదా. మా పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళండి. చెప్పులు మాత్రం చేత్తో పట్టుకోండి. ఇవతలి ఒడ్డు నడిమధ్యలో కాస్త లోతుంటది."

"ఎంత లోతు?"

"ఎవరూ పైకొచ్చి సెప్పలేదండి," అన్నాడు గనిరాజు.

"దోనె ఏమైనా..."

"ఉందండి. మీరు కూర్చుంటే అది ఉండదు," అంది బుల్లెమ్మ, ఆయన్ని పైనుంచి కింద దాకా చూసి.

విశ్వంభరరావుగారు చొక్కా పైగుండీ తీశారు. "సరే. అత్యవసర పరిస్థితి దృష్ట్యా సీలు నేనే తీస్తాను."

"తీస్తే కారణం రాసి సంతకం పెట్టాలండి," అన్నాడు ప్రభుదాసు. నియమాలు అతనికి నేర్పింది విశ్వంభరరావుగారే. "ఏమని రాస్తారు?"

"విహారం నిమిత్తం."

"అయితే తిప్పి మళ్ళీ ఇక్కడే దింపుతానండి."

పెదరేవులో బడిగంట మోగింది. ఆయన నుదురు తుడుచుకున్నారు. కాగితం పిల్లల దగ్గర తీసుకున్నారు, కలం జేబులోంచి తీశారు. ఎవరూ వినకూడదన్నట్టు గొణిగారు.

"అవతలి ఒడ్డుకు చేరు నిమిత్తం."

"అవతలి ఒడ్డు ఉందాండి?" అంది మంగతాయారు, అప్పుడే మొదటిసారి విన్నట్టు.

"ఉందమ్మా, ఉంది!"

"మరి నది?"

"అదీ ఉంది!"

"అయితే అదీ రాయండి. ఎవరు చేరడానికండి?"

"నేను."

"మీ ఒక్కరి పేరే రాస్తే రేపు మీ పైవాళ్ళు అడుగుతారండి, శాఖ పడవని సొంతానికి వాడుకున్నారేంటని. లంకలో ఉన్నవాళ్ళంతా రోజూ అవతల దిగడానికి అని రాయండి. ఇప్పుడు మీరూ లంకలోనే ఉన్నారు కదా."

ఆయన ఆమెను చూశారు, పిల్లల్ని చూశారు, చివరికి గోదావరిని చూశారు. తరవాత మొత్తం రాశారు. సంతకం చేసి, ముద్ర కొట్టి, తాను వేసిన సీలును గోళ్ళతో తానే గీకారు. మంగతాయారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

ప్రభుదాసు ఇంజను తిప్పాడు. పిల్లలు బిలబిలమంటూ ఎక్కారు. ఆ సందట్లో విశ్వంభరరావుగారికి సోఫాలో హైమ పక్కన కాస్త చోటు దొరికింది. ఎవరిదో పుస్తకాల సంచి ఆయన ఒళ్ళోకి చేరింది. పడవ కదిలింది.

"వెళ్ళొస్తానమ్మా!" అని హైమ చెయ్యి ఊపింది.

ఆ పక్కనే, అలవాటు కొద్దీ, విశ్వంభరరావుగారు కూడా చేతులు జోడించారు. "వెళ్ళొస్తానమ్మా!"

మంగతాయారు ఒడ్డు చివరికంటా వెళ్ళి నిలబడింది.

"నువ్వు వెళ్ళి రా తల్లీ," అని కేకేసింది. "మీరు వెళ్ళండి సార్."

బుల్లెమ్మ గబగబా లెంపలు వేసుకుంది.